ఇంటికి గాజు సామాను సేకరణ: బేరానికి ముందు చూడాల్సినవి, ఇంటికి తెచ్చాక చెయ్యాల్సినవి

"ఈ కూజా నిజంగా పాతదేనా?", "కొన్నాక చూస్తే పగులుంది, ముందే ఎలా కనిపెట్టాలి?", "కడిగితే మెరుపు పోయింది, ఏం చెయ్యాలి?" గాజు సామాను మీద ఇష్టం మొదలైనవాళ్ళు నన్ను తరచూ అడిగేవి ఈ మూడే. విడివిడిగా జవాబు చెబితే ఏదో ఒకటి మిగిలిపోతోంది. అందుకని మొదటి నుంచి ఒక వరసలో రాస్తున్నాను.

నా దగ్గర పాడైపోయిన వస్తువులు రెండు చోట్లే పోయాయి. సరిగా చూడకుండా కొన్నప్పుడు కొన్ని, వంటింటి సింకులో కొన్ని. అందుకే చూడటం, కడగడం గురించే ఇందులో ఎక్కువ ఉంటుంది.

మాటల విషయం ఒకటి ముందే చెప్పాలి. యాంటిక్ అంటే నూరేళ్ళు దాటినది. మన దేశంలో 1972 నాటి పురావస్తువుల చట్టం కూడా ఇలాంటి వస్తువులకు నూరేళ్ళనే హద్దుగా పెట్టింది. వింటేజ్ అంటే నూరేళ్ళు నిండకపోయినా ఒక కాలపు తీరు స్పష్టంగా కనిపించేది. అమ్మేవాళ్ళు ఈ రెండు మాటల్నీ ఒకటిగా వాడేస్తారు, మీరు మాత్రం విడిగా పెట్టుకోండి.

1. ఏ గాజో ముందు తేల్చుకోండి

కనిపించిందల్లా కొంటే రెండేళ్ళలో షోకేస్ నిండుతుంది కానీ కంటికి పదును రాదు. ఒకే రకంలో పది వస్తువులు చేతిలోకి తీసుకుని చూస్తే, పదకొండో దానిలో తేడా చేతికే తెలిసిపోతుంది. మనకు అందుబాటులో ఉండే రకాలు ఇవి:

- గోళీసోడా సీసాలు, పాత మందు సీసాలు, సిరా బుడ్లు. ఖర్చు తక్కువ, నేర్చుకునేది ఎక్కువ. కొత్తవాళ్ళకు నా మొదటి సలహా ఇదే.
- దీపాలు: పైకప్పుకు వేలాడే హండీలు, లాంతరు చిమ్నీలు, గాజు షేడ్‌లు, చిన్న షాండ్లియర్లు.
- ఫిరోజాబాద్ కార్నివాల్ గాజు. వాననీళ్ళ మీద పెట్రోలు చుక్క పడితే కనిపించే రంగుల్లాంటి మెరుపు దీని గుర్తు. వేడి గాజు మీద లోహ లవణాలు చల్లి ఆ మెరుపు తెస్తారు. అక్కడి జైన్ గ్లాస్ వర్క్స్ చేసిన కొన్ని గ్లాసుల మీద, చేప ఆకారం, చేతి ఆకారం వేజుల మీద "జైన్" అని ఇంగ్లీషు అక్షరాల్లో అచ్చు ఉంటుంది.
- కోత పెట్టిన గాజు, అంటే కట్ గ్లాస్. సీసం కలిసిన క్రిస్టల్.
- చెకోస్లొవేకియా నుంచి వచ్చిన రంగు వేజులు, డికాంటర్లు (మద్యం పోసి ఉంచే బిరడా సీసాలు).
- ఇటలీలో వెనిస్ పక్కనున్న మురానో దీవి గాజు లాంటి ఆధునిక కళాగాజు, ఇప్పటి కళాకారులు ఊదిన వేజులు, పేపర్‌వెయిట్లు.

అమెరికాలో ఉన్న మనవాళ్ళకు వేరే దారి ఉంది. అక్కడి సెకండ్ హ్యాండ్ షాపుల్లో, ఎస్టేట్ సేల్స్‌లో 1930ల ఆర్థిక మాంద్యపు రోజుల్లో చవకగా చేసిన గులాబీ, ఆకుపచ్చ డిప్రెషన్ గ్లాస్, వెస్ట్ వర్జీనియాలో 2011 దాకా గాజు చేసిన ఫెంటన్ కంపెనీ వస్తువులు దొరుకుతాయి.

కొనడానికి ముందు ఒకసారి మంచి గాజును దగ్గర నుంచి చూసి రండి. హైదరాబాదులో ఉంటే సాలార్‌జంగ్ మ్యూజియంలో యూరప్ గాజు గది, చౌమహల్లా దర్బారు హాలులో వేలాడే 19 షాండ్లియర్లు. అక్కడ అందం ఒక్కటే చూసి వచ్చేయకండి. కోతల అంచులు ఎంత పదునుగా ఉన్నాయి, గాజు రంగు అడుగు దగ్గర ఎలా ఉంది, ఇత్తడి బిగింపు గాజును ఎక్కడ పట్టుకుంది అన్నవి చూడండి.

2. సంచిలో పెట్టుకోవాల్సినవి

- చిన్న తెల్ల టార్చ్. సెల్‌ఫోను లైటు కన్నా సన్నటి వెలుగు పడేది మేలు.
- యూవీ (అతినీలలోహిత) టార్చ్, వీలైతే 365 నానోమీటర్లది.
- పది రెట్లు చూపించే భూతద్దం.
- కొలత టేపు.
- మెత్తటి నూలు గుడ్డలు రెండు. ఒకటి తడపడానికి, ఒకటి పొడిది.
- పాత నూలు చీర ముక్కలు, బబుల్ ర్యాప్, గట్టి అట్టపెట్టె.
- నోటు పుస్తకం.

పెట్టె లేకుండా సంతకు వెళ్ళకండి. అమ్మేవాళ్ళు చుట్టి ఇచ్చే ఒక్క న్యూస్‌పేపర్ పొర ఆటోలో మొదటి గుంత దాకా కూడా ఆగదు.

3. కొనేముందు చూసే వరస

ఈ వరస మార్చకండి. ధర అడగడం చివర్న. ధర వినగానే మనసు బేరం మీదకు పోతుంది, కన్ను వస్తువు మీద నిలవదు.

*మొదటి మెట్టు: ఆరుబయటి వెలుతురు.* ఒక సంతలో లేత ఊదా రంగు వేజ్ చూసి ముచ్చటపడి కొన్నాను. ఇంటికి తెచ్చి కిటికీ దగ్గర పెడితే అది రంగులేని మామూలు గాజు. అంగడి మీద కట్టిన నీలం టార్పాలిన్ ఆ ఊదా రంగు పూసింది. అప్పటి నుంచి, అడిగి, వస్తువును టార్పాలిన్ నీడ దాటించి తెల్ల కాగితం మీద పెట్టి చూస్తున్నాను.

*రెండో మెట్టు: దుమ్ము, స్టిక్కరు.* అనుమతి అడిగి తడిగుడ్డతో తుడవండి. దుమ్ము పట్టిన అంచులో పెచ్చు ఊడిన సంగతి కనిపించదు. ధర స్టిక్కరు వింత చోట, అంటే అడుగున కాకుండా పక్కన అతికించి ఉంటే దాని కింద ఏముందో చూడాలని అడగండి.

*మూడో మెట్టు: గోరు.* మూతి అంచు చుట్టూ చూపుడు వేలి గోరును నెమ్మదిగా తిప్పండి. వేలి మెత్తటి భాగంతో వద్దు, కోసుకుంటుంది. కంటికి కనిపించని పెచ్చు కూడా గోరుకు తగులుతుంది. అంచు ఎక్కడైనా చదునుగా, మసకగా, మిగతా చోట కన్నా పల్చగా అనిపిస్తే పెచ్చు పోయిన భాగాన్ని అరగదీశారని అర్థం. జత వస్తువులైతే రెండింటి ఎత్తూ టేపుతో కొలవండి. అరగదీసింది పొట్టిగా తేలుతుంది. చేత్తో చేసిన జతలో కొద్ది తేడా సహజమే కాబట్టి, ఎత్తు తేడాతో పాటు అంచు కూడా మసకగా ఉంటేనే అనుమానించండి.

*నాలుగో మెట్టు: టార్చ్.* లోపల నుంచి, పక్క నుంచి, అడుగు నుంచి వెలుగు వెయ్యండి. వెంట్రుక వాసి పగులు ఒక కోణంలో వెండి దారంలా తళుక్కుమని, కొంచెం తిప్పగానే మాయమవుతుంది. గీత అలా మాయమవదు, గోరుకు కూడా తగులుతుంది. పిడి అతికిన చోట, సీసా మెడ మొదట్లో, కాడ పాదాన్ని కలిసే చోట తప్పకుండా చూడండి. పగుళ్ళు దాక్కునేది అక్కడే.

*ఐదో మెట్టు: చెవి.* వస్తువును అడుగున పట్టుకుని అంచు మీద గోటితో మెల్లగా మీటండి. పగులు లేని వెడల్పు గిన్నె, గ్లాసు మోగుతుంది. పగులు ఉంటే "టక్" మని ఆగిపోతుంది. సన్న మెడ సీసాలు, మందపాటి అచ్చు గాజు బాగున్నా మోగవు. కాబట్టి మోగకపోవడాన్ని ఒక్కదాన్నే పట్టుకుని వదిలెయ్యకండి.

*ఆరో మెట్టు: అడుగు.* దశాబ్దాల పాటు బల్ల మీద జరిగిన వస్తువుకు, నేలను తాకే అంచు మీద మాత్రమే సన్న గీతలు అన్ని దిక్కులా పడి, ఆ భాగం పొగమంచు పట్టినట్టు మసకగా ఉంటుంది. గరుకు కాగితంతో రుద్ది పాతది చేస్తే గీతలు ఒకే దిక్కుకు ఉంటాయి, లేదా నేలకు తగలని గుంటలో కూడా ఉంటాయి. భూతద్దం ఇక్కడ వాడండి.

*ఏడో మెట్టు: మూత.* డికాంటరు బిరడా తిప్పి చూడండి. అసలు జత అయితే చుట్టూ సమంగా కూర్చుంటుంది, గలగలమనదు. మంచి పాత డికాంటర్లలో కొన్నింటికి బిరడా అడుగున, మెడ మీద ఒకే అంకె చెక్కి ఉంటుంది. అంకెలు వేరైతే అది వేరే సీసా బిరడా.

4. ఎలా చేశారో గాజు మీదే రాసి ఉంటుంది

అతుకు గీత చూడండి. అచ్చు రెండు సగాలు కలిసిన చోట సీసా పక్కన నిలువుగా ఒక సన్న గీత ఉంటుంది. అది మూతి కిందే ఆగిపోతే మూతిని చేత్తో దిద్దారు. మూతి మీదుగా పైదాకా పోతే మెషీన్ పని. 1900ల మొదట్లో అమెరికాలో ఓవెన్స్ సీసాల యంత్రం వచ్చాక రెండో రకం పెరిగింది. ఈ లెక్కను మన దేశపు సీసాలకు ఉన్నదున్నట్టు వర్తింపచెయ్యకండి. ఇక్కడ చేతిపని చాలాకాలం నడిచింది కాబట్టి, చేత్తో దిద్దిన మూతి ఉన్నంత మాత్రాన నూరేళ్ళ సీసా అయిపోదు.

అడుగున గుండ్రటి గరుకు మచ్చ, లేదా దాన్ని అరగదీసి నునుపు చేసిన చిన్న గుంట ఉంటే, పని చేసేటప్పుడు ఆ వస్తువును ఇనుప కడ్డీకి అంటించి పట్టుకున్నారన్నమాట. అది చేతిపనికి గుర్తు, పాతదనానికి కాదు. నిన్న ఊదిన వేజుకు కూడా ఆ మచ్చ ఉంటుంది.

బుడగల సంగతీ అంతే. "చూడండి, బుడగలున్నాయి, పాత గాజు" అని చూపిస్తారు. కొలిమి వేడి చాలకపోయినా, పగిలిన గాజును మళ్ళీ కరిగించి చేసినా బుడగలు వస్తాయి. ఇప్పుడు తయారయ్యే చవక వేజుల్లో బోలెడు.

కోత గాజు, అచ్చు గాజు తేడా వేలికి తెలుస్తుంది. చక్రం మీద కోసిన గాజులో గీతల అంచులు పదునుగా, లోపలి తలాలు అద్దంలా ఉంటాయి. అచ్చులో వచ్చిన నకలులో అంచులు సబ్బు అరిగినట్టు గుండ్రంగా ఉంటాయి. బరువు, మోత, ఇంద్రధనుస్సు మెరుపు ఉంటే సీసపు క్రిస్టల్ కావచ్చు. యూరప్ నిబంధనల్లో సీసపు క్రిస్టల్ అనాలంటే సీసం ఆక్సైడు కనీసం 24 శాతం ఉండాలి.

రంగు గాజులోనే ఉందా, పైన పూశారా? మూతి అంచును అడ్డంగా చూడండి. రంగు లోపలి దాకా ఉందో, పైపొరలోనే ఉందో అక్కడ తెలుస్తుంది. రంగు పొర మీద కోసి కింది తెల్ల గాజు బయటపెట్టిన బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం) పనిలో కోత అంచు శుభ్రంగా ఉంటుంది. స్ప్రే రంగు అయితే మూలల్లో చిక్కగా పేరుకుని ఉంటుంది.

5. గుర్తులు చదవడం

అడుగును వాలుగా వెలుతురులో పెట్టి చూస్తే ఆమ్లంతో వేసిన సన్న గుర్తులు కనిపిస్తాయి. ఎదురుగా చూస్తే కనిపించవు. దేశం పేరు ఒక్కటే కాలం చెప్పేస్తుంది:

- చెకోస్లొవేకియా అని ఉంటే 1918కి ముందుది కాదు, 1992 తర్వాతది కాదు.
- వెస్ట్ జర్మనీ అని ఉంటే 1949, 1990 మధ్యది.
- ఫ్రాన్సుకు చెందిన బాకరా కంపెనీ ఆమ్లపు ముద్ర 1936 నుంచి వాడుకలోకి వచ్చింది. అంతకుముందు వాటికి చాలావరకు ఉండదు.
- ఆర్. లాలిక్ అని మొదటి అక్షరంతో ఉంటే ఫ్రెంచి గాజు కళాకారుడు రెనే లాలిక్ బతికి ఉన్న కాలానిది, అంటే 1945కి ముందుది కావాలి. దొంగ సంతకాలు ఎక్కువగా పడేది కూడా దీని మీదే. కాబట్టి సంతకం చూసి కాదు, అచ్చు పని నాణ్యత చూసి నమ్మండి.
- మురానో పేరుతో ఉన్న స్టిక్కరు ఒక్కటే సాక్ష్యం కాదు. అది ఊడదీసి ఇంకోదానికి అతికించచ్చు. "వెత్రో అర్తిస్తికో మురానో" అన్నది మురానో ఉన్న వెనెతో ప్రాంత ప్రభుత్వం 1994 చట్టంతో తెచ్చిన అధికారిక గుర్తు. కొత్త మురానో కొనేవాళ్ళు దాన్ని అడగండి.

గుర్తు లేనంత మాత్రాన వస్తువు విలువ లేనిది కాదు. మంచి పాత గాజులో చాలా భాగానికి ఏ గుర్తూ లేదు.

6. ఎక్కువమంది పొరపాటు పడే చోట్లు

*"బెల్జియం గాజు."* మన దగ్గర ఈ మాట నాణ్యమైనది అన్న అర్థంలోకి మారిపోయింది. ఫిరోజాబాద్ హండీని, నిన్నటి అద్దాన్ని కూడా అలాగే అంటారు. ఆ మాటకు ఒక్క రూపాయి కూడా అదనంగా ఇవ్వకండి. వస్తువుకు మాత్రమే ఇవ్వండి.

*పాతబడిన ఇత్తడి.* కొత్త హండీకి రసాయనం పూసిన నల్లటి ఇత్తడి గొలుసు వేస్తారు. గొలుసు కడియాలు ఒకదానికొకటి రాసుకునే చోట చూడండి. ఏళ్ళ తరబడి వేలాడితే అక్కడ అరిగి, కడియం సన్నబడుతుంది. నలుపు అంతటా ఒకే మందంలో ఉండి అరుగుదల లేకపోతే కొత్తది.

*రంగు గోళీసోడా సీసాలు.* హిరమ్ కాడ్ 1872లో పేటెంటు తీసుకున్న ఈ సీసా మామూలుగా లేత నీలిపచ్చ గాజుతో వస్తుంది. ముదురు నీలం, ముదురు గోధుమ రంగు సీసాలు అసలువి అరుదు, నకళ్ళు విస్తారం. ఉబ్బెత్తు అక్షరాలు చూడండి. అసలు వాటిలో అక్షరాల అంచులు వాడకంలో రాసుకుని అరిగి ఉంటాయి, గోళీ తిరిగిన చోట లోపల మసక గీతలుంటాయి. ఈ సీసాలు తయారైన ఇంగ్లండులోని బార్న్స్లీ ఊరి పేరు ఉన్నంత మాత్రాన ఆగిపోకండి, ఆ పేరును కూడా అచ్చులో చెక్కుతున్నారు.

*యురేనియం గాజు.* యూవీ టార్చ్ వేస్తే చీకట్లో కళ్ళు చెదిరే ఆకుపచ్చగా వెలుగుతుంది. మాంగనీసు ఉన్న గాజు కూడా వెలుగుతుంది కానీ చాలా మసకగా. మొదటిది చూశాక రెండోది చూస్తే ఇక పొరబడరు. షోకేసులో పెట్టుకోవడానికి భయం అక్కర్లేదు, రోజూ తాగడానికి, తినడానికి మాత్రం వాడకండి. సీసపు క్రిస్టల్ డికాంటరులో పళ్ళరసం, మద్యం, పచ్చడి నిలవ ఉంచకండి. పులుపుకు సీసం దిగుతుంది.

7. బేరం

ఇక్కడ చెప్పేది తక్కువ. లోపం కనిపిస్తే దాన్ని అమ్మే అతనికి మర్యాదగా చూపించి, అప్పుడు ధర అడగండి. "ఇంకెక్కడైనా ఇంతకే దొరుకుతుంది" లాంటి మాటలు వద్దు. అదే మనిషి దగ్గర నాలుగోసారి కొనేటప్పటికి మీకోసం వస్తువు తీసి పక్కన పెడతాడు, ఆ చనువు చెడగొట్టుకోకండి. వస్తువు ఎవరింటి నుంచి వచ్చింది, ఏ ఊరు అని అడిగి రాసుకోండి.

హైదరాబాదులో పురానాపూల్ దగ్గరి జుమ్మేరాత్ బజార్ గురువారం, ఎర్రగడ్డ సంత ఆదివారం. పొద్దున్నే వెళ్ళండి. దీపాలు, అద్దాలు కావాలంటే తమిళనాడులోని కారైకుడి పాత సామాన్ల వీధి చూడదగ్గది. ఆన్‌లైన్లో కొనేటప్పుడు మూతి అంచు, అడుగు, పిడి అతుకు దగ్గరగా తీసిన ఫొటోలు అడగండి. అడిగినా పంపకపోతే కొనకండి.

8. ఇంటికి తేవడం

1. మూత, బిరడా, గొలుసు విప్పి విడిగా చుట్టండి. బిరడాను సీసాలో ఉంచి తెస్తే మెడ పగులుతుంది.
2. గాజుకు ముందు నూలు గుడ్డ, దాని మీద బబుల్ ర్యాప్. బంగారు పూత ఉన్నదానికి న్యూస్‌పేపర్ నేరుగా తగలనివ్వకండి, సిరా అంటుతుంది.
3. సన్న మెడ, పిడి చుట్టూ గుడ్డ ఉండలు పెట్టి మొత్తం ఒక ముద్దలా చెయ్యండి.
4. పెట్టెలో అన్ని వైపులా మూడు వేళ్ళ మందం మెత్తదనం ఉండాలి. ఊపితే కదలకూడదు.
5. ఎండలో నిలిపిన కారులో వదలకండి. తెచ్చిన వెంటనే ఏసీ గదిలో విప్పకండి, నీళ్ళు తగలనివ్వకండి. ఒక రాత్రి పెట్టెలోనే ఉంచండి.

9. కడగడం

ముందు కడగకూడనివి పక్కన పెట్టండి: పైన రంగు వేసినవి, బంగారు పూత ఊడుతున్నవి, అతికించినవి, వెనక పూత ఉన్న అద్దాలు, ఇత్తడి పట్టీ ఉన్న దీపాలు. ఆ పట్టీలను చాలావరకు ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌తో అంటిస్తారు, నానితే ఊడి చేతిలోకి వస్తాయి. వీటన్నింటినీ మెత్తటి పొడి బ్రష్షుతో దులపడమే.

మిగతా వాటికి వరస ఇది:

1. చేతి గాజులు, ఉంగరాలు, వాచీ తీసెయ్యండి.
2. స్టీలు సింకు వద్దు. ప్లాస్టిక్ టబ్బులో మందపాటి తువ్వాలు పరవండి. సింకులోనే పెట్టుకోవాల్సి వస్తే కుళాయిని పక్కకు తిప్పండి. నా దగ్గర ఒక ఆకుపచ్చ కూజా కుళాయి ముక్కుకు తగిలే పోయింది.
3. గోరువెచ్చని నీళ్ళు పొయ్యండి. గాజు, నీళ్ళు రెండూ దాదాపు ఒకే వేడిలో ఉండాలి. మామూలు గాజు, వేడికి తట్టుకునే బోరోసిలికేట్ గాజు కన్నా వేడికి మూడింతల దాకా వ్యాకోచిస్తుంది. వేడి నీళ్ళు పడిన వైపు సాగి, చల్లటి వైపు సాగకపోతే పగులుతుంది.
4. గిన్నెల లిక్విడ్ నాలుగు చుక్కలు. పీచు, స్టీలు స్క్రబ్బరు, బూడిద, ముగ్గు, సబినా పొడి ఏదీ వద్దు. మేకప్ బ్రష్ లాంటి మెత్తటిది చాలు.
5. ఒక్కసారికి ఒక్క వస్తువు. పిడి పట్టుకుని ఎత్తకండి, ఒక చెయ్యి అడుగున ఉండాలి.
6. అంతే గోరువెచ్చగా ఉన్న మంచి నీళ్ళతో తొలవండి. బోరు నీళ్ళున్న ఇళ్ళలో చివరిసారి ఆర్ఓ నీళ్ళతో తొలిస్తే తెల్ల చుక్కలు పడవు.
7. తువ్వాలు మీద ఒక పక్కకు వాల్చి, లోపలికి గాలి ఆడేట్టు ఆరబెట్టండి. తేమ ఆరకుండా మూత పెట్టకండి.

డిష్‌వాషర్ సంగతి ఒక్క మాట. పాత గాజును అందులో వెయ్యకండి. వేడి, క్షారం కలిసి గాజు పైపొరను తినేస్తాయి. ఆ మసక మళ్ళీ పోదు.

10. మొండి మరకలు, చిక్కులు

*లోపల తెల్లటి మసక.* లీటరు గోరువెచ్చని నీళ్ళలో ఒక టీస్పూను నిమ్మ ఉప్పు కలిపి నాలుగైదు గంటలు ఉంచండి. మసక కొంతైనా తగ్గితే అది నీళ్ళ సున్నం, మళ్ళీ ఒకసారి చెయ్యండి. రెండుసార్లయినా అణువంత మారకపోతే గాజే తినేసి ఉంది. అక్కడ ఆపెయ్యండి, రుద్దితే ఇంకా పాడవుతుంది. బంగారు పూతకు, కార్నివాల్ మెరుపుకు నిమ్మ ఉప్పు తగలనివ్వకండి.

*సన్న మెడ లోపలి మురికి.* గుప్పెడు పచ్చి బియ్యం, గోరువెచ్చని నీళ్ళు, చుక్క లిక్విడ్ వేసి మెల్లగా తిప్పండి. ఇసుక, గులకరాళ్ళు వద్దు.

*ఇరుక్కున్న బిరడా.* కొట్టకండి. అంచు చుట్టూ గ్లిజరిన్ రెండు చుక్కలు వేసి రాత్రంతా వదలండి. పొద్దున గోరువెచ్చని గుడ్డ మెడకు చుట్టి, బిరడాను ఎడమకు కుడికి మెల్లగా కదపండి. మెడ కొద్దిగా సాగి వదులుతుంది. రాకపోతే మళ్ళీ గ్లిజరిన్, మళ్ళీ ఒక రాత్రి. నాకు ఒక బిరడా రావడానికి ఐదు రోజులు పట్టింది.

*జిడ్డుగా, చెమట పట్టినట్టు ఉండే గాజు.* తుడిచినా మళ్ళీ తడి తేలుతుంటే ఆ గాజులో క్షారం ఎక్కువై, తేమకు బయటికి వస్తోందని అర్థం. మూసిన తేమ అల్మరాలో పెట్టకండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ళలో ఈ రకం కొనకపోవడమే మంచిది.

11. అమర్చడం

బరువైనవి కింది అరలో, తేలికవి పైన. వస్తువుల మధ్య కనీసం రెండు వేళ్ళ ఎడం. గాజు అర అయితే టఫెన్డ్ (వేడి చేసి గట్టిపరిచిన) గాజుదే వేయించండి.

రంగు గాజు వెనక తెల్లగోడ, తెల్ల కోత గాజు వెనక ముదురు రంగు పెడితే రెండూ పలుకుతాయి. ఎల్ఈడీ పట్టీ చాలు. వేడెక్కే పాత హాలోజన్ బల్బులు మూసిన షోకేసులో వద్దు.

నీళ్ళు నింపిన గుండ్రటి వేజ్, గాజు గోళం, పేపర్‌వెయిట్ ఎండ నేరుగా పడే కిటికీలో పెట్టకండి. భూతద్దంలా ఎండను ఒక చోటికి చేర్చి కర్టెనుకు నిప్పు పెట్టగలవు.

రోడ్డు పక్క ఇళ్ళలో లారీల అదురుకు వస్తువులు రోజుకింత జరుగుతూ అంచుకు వస్తాయి. అడుగున బఠానీ గింజంత మైనం ఉండలు మూడు పెట్టి అదమండి. తీసేటప్పుడు పైకి లాగకుండా మెల్లగా తిప్పండి. ఇంటిపనిలో సాయం చేసేవాళ్ళకు షోకేసు తుడవద్దని ముందే చెప్పి, ఆ పని మీరే పెట్టుకోండి. పగిలితే వాళ్ళు పడే టెన్షన్ కూడా మన బాధ్యతే.

12. వేలాడే దీపాలు

- తీగకు బరువు పడకూడదు, గొలుసుకే పడాలి.
- పాత గుడ్డ తొడుగు వైరు ఉంటే ఎలక్ట్రీషియన్‌తో మొత్తం మార్పించండి. లోహపు చట్రానికి ఎర్త్ వేయించండి.
- ఫాల్స్ సీలింగుకు తగిలించకండి, స్లాబులోని హుక్కుకే. దీపం బరువుకు రెట్టింపు బియ్యం మూటను ఆ హుక్కుకు ఒక రోజు వేలాడదీసి చూడండి. ఆ రోజు కిందికి ఎవరినీ వెళ్ళనివ్వకండి.
- షాండ్లియర్ విప్పేముందు ప్రతి వరసకు ఫొటో తీసుకోండి. గాజు బిందువులు ఏ వరసవి ఆ వరస కవర్లో వేసి నంబరు రాయండి.
- మెయిన్ స్విచ్ ఆపకుండా తుడవకండి. స్ప్రేను గుడ్డ మీద కొట్టండి, దీపం మీద కాదు.

13. పగిలితే

ముక్కలన్నీ, నలుసులతో సహా, ఏరి ఒక పెట్టెలో పెట్టండి. అంచులు ఒకదానికొకటి ఆనించి "సరిపోతుందా" అని చూడకండి. ఆ రాపిడికే అంచులు నలిగి, తర్వాత అతుకు కనిపిస్తుంది.

క్షణాల్లో పట్టే గమ్ము గాజు మీద, ముఖ్యంగా తేమలో, నిలవదు. మామూలు ఎపాక్సీ కొన్నాళ్ళకు పచ్చబడుతుంది. విలువైనదైతే గాజు మరమ్మతు తెలిసిన కన్సర్వేటరుకే ఇవ్వండి. అతికించినది షోకేసుకే, నీళ్ళు పొయ్యకండి. తర్వాత ఎప్పుడైనా అమ్మితే అతుకు చూపించి అమ్మండి.

14. పుస్తకం, ప్రయాణం

ప్రతి వస్తువుకూ ఒక పేజీ: నంబరు, తేదీ, ఎక్కడ, ఎంతకు, ఎత్తు వెడల్పు సెంటీమీటర్లలో, బరువు, గుర్తులు, లోపాలు, ఎవరింటి నుంచి వచ్చింది. తెల్ల వెనకతెర మీద ఒకటి, నల్లదాని మీద ఒకటి ఫొటో. నంబరు గాజు మీద రాయకండి, దారంతో చీటీ కట్టండి.

అమ్మమ్మ ఇంటి హండీని అమెరికా తీసుకెళ్ళాలనుకునేవాళ్ళు టికెట్ కొనకముందే ఈ పని చూసుకోండి. నూరేళ్ళు దాటిన పురావస్తువును సొంతంగా దేశం దాటించడం 1972 చట్టం ప్రకారం కుదరదు. నూరేళ్ళు నిండకపోయినా పాతగా కనిపించే వస్తువుకు, ఇది పురావస్తువు కాదు అన్న ధ్రువపత్రం భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ నుంచి తీసుకుని వెంట పెట్టుకోండి. దరఖాస్తుకు వస్తువు ఫొటోలు, కొలతలు కావాలి. పైన చెప్పిన పుస్తకంలో పేజీ రాసి ఉంటే ఆ పని సగం అయినట్టే. హండీని చెకిన్ సూట్‌కేసులో వెయ్యకండి. గొలుసు, ఇత్తడి అందులో పెట్టి, గాజును చీర ముక్కల్లో చుట్టి చేతి సంచిలో మీ కాళ్ళ దగ్గరే ఉంచుకోండి.